ఒకే చేప... నాలుగు మూతులు

"అంత తేటగా ఉన్నాయంటే ఆ నీళ్ళల్లో మేత లేదనే కదమ్మా!"

ఐస్‌లాండ్‌లో ఓ పెద్ద సరస్సు ఒడ్డున నిలబడి, అడుగున ఉన్న రాయి రాయీ కనిపించే నీళ్ళని వీడియో కాల్‌లో చూపిస్తే మా నాన్న అన్న మొదటి మాట ఇది. వ్యూ బాగుందనలేదు. చలేస్తోందా అనడగలేదు. ఆక్వా రైతు కదా మరి. మాది కైకలూరు దగ్గర పల్లెటూరు, కొల్లేటి పక్కన. ముప్పై ఏళ్ళుగా నాన్నకి చేపల చెరువే లోకం. ఆయన లెక్కలో మంచి నీళ్ళంటే లేత ఆకుపచ్చగా ఉండాలి. రంగు రాకపోతే యూరియా, సూపర్ చల్లించి మరీ తెప్పిస్తాడు. ఆ పచ్చదనంలోనే చేప తినే సూక్ష్మజీవులు పుడతాయి. కాబట్టి అద్దంలా మెరిసే నీళ్ళని చూస్తే ఆయనకి జాలేసింది.

నేను డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నా. అక్కణ్ణుంచి ఐస్‌లాండ్‌కి ఫ్లైట్‌లో రెండున్నర గంటలే. అక్టోబరు మొదటి వారంలో రూమ్మేట్‌తో కలిసి నాలుగు రోజుల ట్రిప్ వేశాం. ప్లాన్ అందరిదే: వేడినీళ్ళ ఊటలు, జలపాతం, రాత్రికి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు. మధ్యలో సిల్‌ఫ్రా అనే పగులులో స్నార్కెలింగ్. కానీ మా స్లాట్ రోజు గాలి మరీ ఎక్కువుందని మర్నాటికి మార్చారు. దాంతో జనం గంటలో చూసి వెళ్ళిపోయే చోట మేం ఒకటిన్నర రోజు ఉండాల్సొచ్చింది. ఈ కథ ఆ గాలి పుణ్యమే.

ఆ చోటు పేరు థింగ్‌వెట్లిర్. రాజధాని రేక్యావిక్ నుంచి కార్లో ఓ గంట. ఐస్‌లాండ్ వాళ్ళ పార్లమెంటు క్రీ.శ. 930లో మొదలైంది ఇక్కడే, 1944లో రిపబ్లిక్ ప్రకటించుకున్నదీ ఇక్కడే. అమెరికా ఖండపు ఫలకం, యూరప్ ఫలకం మెల్లమెల్లగా విడిపోతున్నదీ ఇక్కడే. ఇవన్నీ మీకు ఏ రీల్‌లోనైనా దొరుకుతాయి. రీల్స్‌లో పెద్దగా కనిపించనిది పక్కనే ఉన్న సరస్సు: థింగ్‌వట్లావత్న్. (వత్న్ అంటే నీళ్ళు, సరస్సు. మొత్తం పేరు పలకడం నాకు రెండో రోజుకి గానీ రాలేదు.)

సరస్సు విస్తీర్ణం 84 చదరపు కిలోమీటర్లు. లోతైన చోట 114 మీటర్లు. మా కొల్లేరు చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. నీళ్ళెక్కడివి అంటే, ఉత్తరాన ఉన్న లాంగ్‌యోకుల్ అనే మంచుకొండవి. కరిగిన నీరు లావా రాళ్ళ పొరల్లోకి ఇంకి, భూమిలోపల దశాబ్దాల తరబడి నడిచి, వడపోసుకుంటూ వచ్చి, సరస్సు అంచుల్లో ఊటలై పైకి ఉబుకుతుంది. సరస్సులోకి చేరే నీటిలో సుమారు 90 శాతం ఇలా కిందనుంచి వచ్చేదే. ఎండాకాలమైనా చలికాలమైనా ఊట నీళ్ళ వేడి మూడు, నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఫ్రిజ్‌లో వాటర్ బాటిల్ అనుకోండి.

ఇంత చల్లటి, ఇంత తేట నీళ్ళలో చేపలుంటాయా? నాన్న అనుమానం సగం నిజం. ఈ సరస్సులో ఉన్నవి మూడంటే మూడు జాతులు: ఆర్కిటిక్ చార్, బ్రౌన్ ట్రౌట్, వేలెడంత ఉండి వీపు మీద మూడు ముళ్ళుండే స్టికిల్‌బ్యాక్. ఐస్‌లాండ్ దేశం మొత్తం వెతికినా సహజంగా వచ్చిన మంచినీటి చేపలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కారణం సింపుల్. పదివేల ఏళ్ళ కిందటి దాకా ఈ దీవి మంచు కింద ఉంది. మంచు కరిగాక చుట్టూ ఉన్న ఉప్పు సముద్రాన్ని ఈదుకుంటూ రాగలిగిన చేపలే ఇక్కడికి చేరాయి.

అసలు సంగతి ఆ మొదటి చేపది, ఆర్కిటిక్ చార్‌ది. మంచినీళ్ళలో బతికే చేపల్లో భూగోళం మీద అన్నిటికంటే ఉత్తరాన కనిపించేది ఇదే. స్థానికులు బ్లేక్యా అంటారు. ఈ సరస్సులో ఈ ఒక్క చేప నాలుగు రకాలుగా ఉంది. రకాలంటే రంగు తేడా కాదు. పక్కపక్కన పెడితే ఒకే జాతి అంటే మీరు నమ్మరు. విజిటర్ సెంటర్ దగ్గర కాఫీ తాగుతుంటే ఒక గైడ్ తన ఫోన్‌లో ఫొటోలు చూపించింది. నేనూ నమ్మలేదు.

ఒకటి మరుగుజ్జు. చాలావరకు అరచేతిలో పట్టేంత. ఒళ్ళంతా నల్లగా, మూతి మొండిగా ఉంటుంది. ఒడ్డు పక్కన లావా రాళ్ళ సందుల్లో దూరి బతుకుతుంది. పెద్ద చేప వెంటపడితే పగుల్లోకి జారుకోవడమే దాని బతుకు తెలివి. ఆ సందుల్లో దొరికే నత్తలూ పురుగులూ దాని తిండి.

రెండోది కూడా అడుగున తిరిగేదే, ముదురు రంగే, మొండి మూతే. కానీ పెద్దది, అరమీటరు దాకా పెరుగుతుంది. రాళ్ళ పైన తిరుగుతూ ముఖ్యంగా నత్తలు తింటుంది. అక్కడి భాషలో దాని పేరుకి అర్థం నత్తల చార్ అట. ఈ రెంటికీ కింది దవడ పొట్టిగా ఉండి నోరు కిందివైపు తెరుచుకుంటుంది.

మూడోది ముర్తా. వెండిలా మెరుస్తూ, మూతి మొనదేలి, సన్నగా ఉంటుంది. జానెడు. నడి సరస్సులో గుంపులుగా తిరుగుతూ నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని తింటుంది. సరస్సులో సంఖ్య ఎక్కువ ఉన్నది దీనిదే. చుట్టుపక్కల రైతులు తరతరాలుగా శరదృతువులో వలేసి పట్టింది దీన్నే. నాలుగోది వేట చేప. అదీ వెండి రంగే, మొనదేలిన మూతే, కానీ పెద్దది. స్టికిల్‌బ్యాక్‌ల్నీ చిన్న చార్‌లనీ మింగుతుంది. అంటే సొంత జాతినే!

ఆ సాయంత్రం మళ్ళీ నాన్నకి ఫోన్ చేశాను. వాట్సాప్‌లో పంపిన ఫొటోల్ని ఆయన ఎక్కువసేపు చూడలేదు. వెంటనే అన్నాడు: "ఇందులో వింతేముందమ్మా. మూతి చూస్తే తెలీట్లా? బొచ్చెకి నోరు పైకుంటది, పైమేత తింటది. శీలావతి మధ్యలో. ఎర్రమోసు నోరు కిందికుంటది, అడుగుమేత. మూడూ కలిపి ఎందుకేస్తాం? ఒకదాని మేతకి ఇంకోటి అడ్డం రాదని."

మీకు చేపల చెరువు అలవాటు లేకపోతే చిన్న వివరణ. బొచ్చె అంటే కట్లా, శీలావతి అంటే రోహు, ఎర్రమోసు అంటే మ్రిగాల్. మూడు వేర్వేరు జాతులు. చెరువులో పై పొర, మధ్య పొర, అడుగు ఖాళీగా పోకుండా రైతు మూడింటినీ లెక్క ప్రకారం కలిపి వేస్తాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, అది జీవశాస్త్రం అని నాకెప్పుడూ తట్టలేదు. అది నాన్న పని, అంతే. తౌడు బస్తాలకి చిల్లులు పొడిచి కర్రలకి కట్టడం, పొద్దున్నే నీళ్ళ రంగు చూడటం. ఆ వాసన వదిలించుకోవడానికే నేను సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చానని ఒప్పుకోవాలి.

"నాన్నా, అక్కడ మూడు జాతుల్ని ఎవరూ వెయ్యలేదు. వచ్చింది ఒకటే. అదే నాలుగయ్యింది" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు.

మంచు పోయాక కొత్తగా పుట్టిన సరస్సు అది. రాళ్ళ సందుల్లో మేతుంది, రాళ్ళ మీద నత్తలున్నాయి, నడినీటిలో సూక్ష్మజీవులున్నాయి. ఆ మేతల కోసం పోటీ పడే వేరే చేపలు మాత్రం దాదాపు లేవు. మన దగ్గరైతే ఒక్కో మేతకి ఒక్కో జాతి ముందే కాసుక్కూర్చుంటుంది. అక్కడ కుర్చీలన్నీ ఖాళీ. సందుల్లో దూరేవి సందులకి తగ్గట్టు, నడినీటిలో ఈదేవి ఈతకి తగ్గట్టు మారుతూ పోయాయి. గుడ్లు పెట్టే వేళలు కూడా చాలావరకు వేరైపోయాయి. నత్తల చార్ జులై, ఆగస్టుల్లో చల్లటి ఊటలు ఉబికే చోట గుడ్లు పెడుతుంది. ముర్తా సెప్టెంబరు, అక్టోబరు దాకా ఆగుతుంది. మరుగుజ్జుకి తొందర లేదు, ఆగస్టు నుంచి నవంబరు వరకూ ఎప్పుడైనా. ఇదంతా జరగడానికి పట్టిన టైమ్ మహా అయితే పదివేల ఏళ్ళు. కొత్త రూపాలు రావడానికి లక్షల ఏళ్ళు కావాలని స్కూల్లో బట్టీపట్టిన నాలాంటివాళ్ళకి ఇదో షాక్. ఇంకో విశేషం, అక్కడి స్టికిల్‌బ్యాక్ కూడా ఇదే దారిలో ఉంది. లావా రాళ్ళలో ఉండేది ఒక తీరు, అడుగున నాచు మొక్కల్లో ఉండేది ఇంకో తీరు.

నాన్న ఊరుకోలేదు. "అదేం లేదమ్మా. జీరో సైజు పిల్లని చూళ్ళేదా నువ్వు? మేత తగ్గించి కుక్కి పెంచితే ఏడాదైనా వేలెడే ఉంటది. చెరువు మార్చి మేతేస్తే టపామని ఎదుగుద్ది. మీ మరుగుజ్జు కూడా అంతే అయ్యుంటది. తిండి లేక గిడసబారింది."

ఇది మామూలు ప్రశ్న కాదు. శాస్త్రవేత్తలు కూడా సరిగ్గా ఇదే అడిగారు. స్కూలి స్కూలసన్, సిగుర్దుర్ స్నోరసన్ లాంటి ఐస్‌లాండ్ పరిశోధకులు 1980ల్లో నాలుగు రకాల గుడ్లూ తీసుకెళ్ళి ఒకేలాంటి తొట్లలో, ఒకే మేతతో పెంచి చూశారు. సైజు మేతని బట్టి కొంత మారొచ్చు. కానీ తల, మూతి ఆకారంలో తేడాలు పిల్ల దశలోనే కనిపించాయి. అంటే వంశపారంపర్యంగా వస్తున్న తేడాలు కూడా ఉన్నాయన్నమాట. వేట చేప విషయంలో మాత్రం వాదన ఇంకా తెగలేదు. అది నిజంగా వేరే రకమా, లేక పెద్దదై చేపలు తినడం మరిగిన ముర్తాలాంటిదేనా అని. ఇది చెప్తే నాన్న "ఊఁ" అన్నాడు. ఆయన ఊఁ అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు.

మేం ఫోన్ పెట్టేసి ఓక్సరౌ అనే చిన్న ఏరు మీద వంతెన దగ్గరికి వెళ్ళాం. అక్టోబరులో అక్కడ చూడాల్సింది ఒకటుందని గైడ్ చెప్పింది. ముందేం కనబళ్ళేదు. తర్వాత అడుగున రాయి అనుకున్నది కదిలింది. చెయ్యంత పొడుగు బ్రౌన్ ట్రౌట్! ఒకటి కాదు, ఐదారు. ప్రవాహానికి ఎదురుగా, తోక మాత్రం ఆడిస్తూ, ఉన్నచోటే నిలబడి ఉన్నాయి. సరస్సులోంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కి వచ్చినవి. టోపీ చెవులదాకా లాక్కుని అరగంట అలాగే చూస్తుండిపోయాం. పక్కన ఉన్న ఒక పెద్దాయన తన మనవడికి వేలుపెట్టి ఒక్కోటీ చూపిస్తున్నాడు. భాష తెలీకపోయినా ఆయన లెక్కపెడుతున్నాడని అర్థమైంది.

లెక్కపెట్టడానికి కారణం ఉంది. ఈ సరస్సు ట్రౌట్‌లు ఒకప్పుడు పదికిలోలు దాటి పెరిగేవి. వాటి అసలు పుట్టిల్లు ఈ చిన్న ఏరు కాదు. సరస్సు దక్షిణం కొసన నీళ్ళు బయటికి పోయే సోగ్ నది. అక్కడ వేగంగా పారే నీటిలో, గులకరాళ్ళ మీద గుడ్లు పెట్టేవి. రాళ్ళకి అతుక్కుని కోట్లకొద్దీ పెరిగే నల్లదోమల లార్వాలు వాటికి విందుభోజనం. 1959లో ఆ కొసనే ఆనకట్ట కట్టి, నీళ్ళని సొరంగంలోకి మళ్ళించి కరెంటు తీయడం మొదలుపెట్టారు. స్టేంగ్రిమ్‌స్టోద్ అని పేరు. సామర్థ్యం సుమారు 27 మెగావాట్లు. ఆ నదిలో ఇంకో రెండు కేంద్రాలు అప్పటికే ఉన్నాయి. పని మధ్యలో తాత్కాలిక కట్ట తెగి నీళ్ళు విరుచుకుపడ్డాయి, గులకరాళ్ళు కొట్టుకుపోయాయి. తర్వాత పాత ఏరే ఎండిపోయింది. ఒక వేసవిలో పని అయిపోయింది. సరస్సులో ట్రౌట్ దాదాపు కనుమరుగయ్యే దాకా వచ్చింది.

చార్‌కి ఏమీ కాలేదు, ఎందుకంటే అది గుడ్లు పెట్టేది సరస్సులోనే. ట్రౌట్‌కి మాత్రం పారే నీళ్ళు కావాలి. ఒకే సరస్సు, ఒకే ఆనకట్ట, పక్కపక్కనే బతికే రెండు చేపలు. ఒకదానికి ఇల్లు పోయింది, ఇంకోదానికి వార్త కూడా అందలేదు.

ఇప్పుడు పరిస్థితి మెరుగే. ఓక్సరౌ ట్రౌట్ గుడ్లతో పిల్లల్ని పెంచి సరస్సులో వదిలారు, వేటకి హద్దులు పెట్టారు, సంఖ్య పెరిగింది. వంతెన మీద మేం చూసినవి ఆ కోలుకున్న వంశమే. అయినా సోగ్ దగ్గరి పాత ట్రౌట్‌ల దారి వేరు. వాటిలో ఏం పోయిందో అడగడానికి ఇప్పుడు అవి లేవు.

రాత్రి హాస్టల్లో ఈ కథంతా వాయిస్ మెసేజ్ పెట్టాను. పొద్దున్నే రిప్లై వచ్చింది: "ధవళేశ్వరం దగ్గర పులస ఆగిపోయినట్టన్నమాట." అంతే. నేను మూడు నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. సముద్రంలోంచి వరద నీటికి ఎదురెక్కి గోదాట్లోకి వచ్చే పులస, బ్యారేజీ గోడ దగ్గరికొచ్చేసరికి ఇంక పైకి పోలేదు. మనం దాని రేటు గురించి ఏటా వార్తలు రాస్తాం, గోడ సంగతి మాత్రం ఎప్పుడోగానీ అనుకోం.

రెండో రోజు గాలి తగ్గింది. డ్రైసూట్‌లో దూరడానికే నలభై నిమిషాలు పట్టింది. మెడ దగ్గర రబ్బరు ఎంత బిగుతంటే, ఊపిరాడటం లేదని చెప్పడానికి కూడా ఊపిరాడదు. సిల్‌ఫ్రాలో నీళ్ళు రెండు మూడు డిగ్రీలు. దిగిన నిమిషంలో పెదాలు నావి కావనిపించింది. తర్వాత తల ముంచాను. అంతే, చలి మర్చిపోయాను. కింద అంతా నీలం. గాల్లో తేలుతున్నట్టుంది. లోయ అడుగు కనిపిస్తుంటే ఎత్తులోంచి పడిపోతానేమోనని నిజంగానే భయమేసింది. దాహమేస్తే మాస్క్ పక్కకి జరిపి ఆ నీళ్ళే తాగేశాం.

కానీ చేప? ఒక్కటీ లేదు. "ఇక్కడ చేపల్ని ఆశించొద్దు" అని గైడ్ ముందే చెప్పాడు. నాన్న మాటే గుర్తొచ్చింది, మేత లేదు కదా అని. నిజానికి ఈ సరస్సు మొత్తం తేటగా ఉండటానికి ముఖ్య కారణం నీళ్ళలో నైట్రోజన్ తక్కువ కావడం. నాచు పెరగాలంటే అది కావాలి. మా చెరువులో నాన్న చల్లే యూరియా సరిగ్గా అదే! ఇప్పుడు అక్కడి భయం కూడా అదే. కార్ల పొగ, ఒడ్డున వేసవి ఇళ్ళ మురుగు, మాలాంటి టూరిస్టులు. కొంచెం కొంచెంగా నైట్రోజన్ చేరితే నీళ్ళు పచ్చబడతాయి. దశాబ్దాలు ఈ సరస్సునే చదివిన పేతుర్ యోనాసన్ అనే శాస్త్రవేత్త జీవితాంతం ఈ విషయం మీదే పోట్లాడాడు. 2005లో సరస్సునీ దాని చుట్టూ నీటి పరీవాహకాన్నీ కాపాడటానికి ప్రత్యేక చట్టం వచ్చింది.

రెండో భయం వేడి. చార్‌ది చలి ఒళ్ళు. రేక్యావిక్ శివార్లలోని ఎల్లిదావత్న్ అనే లోతు తక్కువ సరస్సులో నీళ్ళు వెచ్చబడుతున్న కొద్దీ చార్ బాగా తగ్గిపోయింది, ట్రౌట్ నిలబడింది. వెచ్చటి నీళ్ళలో ముదిరే ఒక కిడ్నీ జబ్బు కూడా 2008లో అక్కడ బయటపడింది. థింగ్‌వట్లావత్న్‌కి లోతుంది, కింద చల్లటి ఊటలున్నాయి. అందుకే కాస్త ధీమా. ఊటలు వచ్చేది మాత్రం మంచుకొండ వైపు నుంచి. ఆ మంచుకొండ కూడా కరిగిపోతోంది.

సిల్‌ఫ్రా చివర ఒక మడుగులాంటిది వస్తుంది. లోతు తక్కువ, అడుగున నలిగిన లావా రాళ్ళు, ముదురాకుపచ్చ నాచు. బయటికి రమ్మని గైడ్ చెయ్యి ఊపుతున్నాడు. వేళ్ళు మొద్దుబారిపోయాయి. అప్పుడు రాళ్ళ మధ్య ఏదో కదిలింది. నా మధ్యవేలంత పొడుగు. నల్లగా ఉంది. ఒక్క క్షణం నావైపు తిరిగి, సర్రున సందులోకి జారిపోయింది. చేతిలో కెమెరా ఆన్‌లోనే ఉందన్న సంగతి ఒడ్డుకొచ్చాక గానీ తెలీలేదు. వీడియోలో అది ఉన్నది మూడు సెకన్లు. మొత్తం మసక.

ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. అమ్మ దణ్ణం ఎమోజీ పెట్టింది, ఎందుకో తెలీదు. తమ్ముడు "ఎడిట్ చెయ్యక్కా" అన్నాడు. నాన్న చూసినట్టు బ్లూ టిక్ పడింది, రిప్లై లేదు. గంట తర్వాత, మేం కార్లో హీటర్ ముందు చేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడు, వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక చెరువు మోటార్ చప్పుడు.

"పదిసార్లు ఆపి ఆపి చూశానమ్మాయ్. మూతి కిందికే ఉందిలే."